వెయ్యి దగ్గర ఆగిపోయిన పేర్లు

మొదటి దెబ్బ మానిటర్ మీద పడింది, రెండోది గుమాస్తాగారి చేతి మీద. చెరుకు నరికే కత్తిని తిరగేసి మొద్దువైపుతో కొట్టాడు రైతు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఆ దెబ్బ కొట్టించింది నేనేనని అప్పటికింకా నాకు తెలియదు.

రెండువేల సంవత్సరం దాటాక సంగతిది. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో పనిచేస్తూ, డెల్టాలోని ఒక చక్కెర ఫ్యాక్టరీకి వెబ్ అప్లికేషన్ రాశాను. రైతుల పేర్లన్నీ డైరెక్టరీ అనే సర్వర్లో ఉంటాయి. నా ప్రోగ్రాం రోజూ ఆ సర్వర్ని అడిగి పేర్లు తెచ్చుకుని, ఎవరి చెరుకు ఎప్పుడు నరకాలో కటింగ్ ఆర్డర్లు ఇస్తుంది. ఆర్డర్ లేని బండిని కాటా ఎక్కనివ్వరు.

ఆ సీజన్లో కాలవ చివరనున్న శివారు ఊళ్లకి ఒక్క ఆర్డరూ రాలేదు. చెరుకు పూతకొచ్చి చేలోనే ఎండిపోతోంది. నీళ్లు ఎలాగూ వాళ్లకే ఆఖరున వస్తాయి, ఇప్పుడు ఇదీనా అని రగిలిపోయి, ట్రాక్టర్లెక్కి వచ్చి ఫ్యాక్టరీ గేటు విరగ్గొట్టారు. ప్రోగ్రాం పని మీద ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"మా పేర్లు తీసేసిందెవడ్రా?"

అసలే నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. నా ప్రోగ్రాంని అంటే నన్ను తిట్టినట్టే. "పేర్లు ఎక్కించింది నేను కాదు, ఆయన్నడగండి" అని వేలు చూపించాను. ఆయన చెరుకు విభాగం గుమాస్తా, తలనెరిసిన సాయిబుగారు. అన్ని పేర్లూ రెండు వేళ్లతో టైపు చేసినాయన. "అందరివీ ఎక్కించానండీ బాబూ" అంటూ లేచి నిలబడ్డారు. కత్తి లేచింది.

ఆయన్ని జీపులో బెజవాడ ఆసుపత్రికి తరలించారు. సీజన్లో పోలీసు గొడవ వద్దనుకున్న మేనేజరు నా ముందు తెల్లకాగితం పెట్టాడు. "ఆయనే పేర్లు తీసేశాడని రాసివ్వండి. ఇవాళే ఉద్యోగంలోంచి పీకేస్తాను."

రాసిచ్చేవాణ్ణే. రుజువు కోసం ఇంకో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కత్తి ఎత్తిన ఆ శివారు రైతు పేరొక్కటే అడిగితే సర్వర్ ఇచ్చింది. అందరి పేర్లూ అడిగితే వాటిలో అతను లేడు. ఒళ్లు మండి బల్లని గుద్దాను. వచ్చిన పేర్లు ఎన్నో చూస్తే సరిగ్గా వెయ్యి, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఆ సర్వర్ ఒక విడతకి వెయ్యికి మించి ఇవ్వదు. మిగతావి విడతలవారీగా అడగాలి. పరిమితి దాటిందని అది రోజూ మొత్తుకుంటూనే ఉంది. తప్పు వస్తే నోరు మూసుకుని ముందుకు పొమ్మని ప్రోగ్రాంకి నేర్పింది నేనే. మా ఆఫీసులో యాభై పేర్లతో పరీక్షించి చంకలు గుద్దుకున్నాను. సాయిబుగారేమో పాత రిజిస్టర్ పద్ధతిలో, కాలవ పారే వరసన ఊళ్లు ఎక్కించుకుంటూ వచ్చారు. సర్వర్ కూడా అదే వరసలో ఇచ్చింది. వేటు వెయ్యి దాటాక ఉన్న శివారు మీద పడింది.

తెల్లకాగితం మీద "తప్పు నాది" అని రాశాను. మేనేజరు దాన్ని చించి నా మొహాన కొట్టాడు. ప్రోగ్రాం సరిచేసి, మర్నాడు ఆర్డర్ పట్టుకుని ఆ రైతు పొలానికి వెళ్లాను.

"సాయిబుగారు మీ పేరు తియ్యలేదండీ. నా ప్రోగ్రాం తప్పు" అన్నాను.

చెంప పగిలింది. కింది పెదవి చిట్లి చొక్కా మీద నెత్తురు కారింది. నిజం చెప్పొద్దూ, ఇంకో రెండు పడితే బాగుండుననిపించింది. అతను నా కాలరు పట్టుకుని మోటారుసైకిలు మీదకి ఈడ్చాడు. ఆసుపత్రిలో మంచం ముందు నిలబెట్టి "ఇప్పుడు చెప్పు" అన్నాడు. వార్డంతా వినేలా చెప్పాను.

సాయిబుగారి చేతికి మోచేతిదాకా సిమెంటు కట్టు. ఆయన రైతునే చూస్తున్నారు.

"ఆర్డర్ వచ్చిందా?"

"వచ్చిందండీ సాయిబుగారూ" అంటూ ఆ మనిషి తల వంచేసుకుని ఏడ్చాడు.

"మరి ఇక్కడేం చేస్తున్నావయ్యా? చెరుకు ఎండిపోద్ది. ఫో, పోయి నరుక్కో."

అతను కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయన నావైపు ఒక్కసారి కూడా చూడలేదు.