అందరికీ పడాలని లేదు

2023లో నేను మొదటిసారి సొంతంగా ఒక ఫోన్ ఆట విడుదల చేశాను. అప్పటికి విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, మా ఆయన ఉద్యోగం ఉన్న టెక్కలిలో కాపురం పెట్టి రెండేళ్లు. పాపకు ఏడాదిన్నర. అది మధ్యాహ్నం పడుకునే రెండు గంటలే నా ఆఫీసు.

ఆట పేరు ‘గుండు–బద్ద’. విరగని జీడిపప్పు గుండు, రెండుగా విడిపోతే బద్ద, ఆపైన ముక్క. తెరమీద పళ్లెంలో అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఒక్కో పప్పునీ వేలితో జరిపి దాని గడిలో చేర్చాలి. ఒకటి జరిపితే పక్కవి కూడా కదులుతాయి. అదే చిక్కు. మూడుసార్లు పప్పు జారితే లెవెల్ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ ఏరివేత నాకు నేర్పింది కాశీబుగ్గలో మా అమ్మవాళ్ల పక్కింటి నూకమ్మత్త. చుట్టం కాదు, అలా పిలవడం అలవాటు. పెళ్లయిన నాటి నుంచీ జీడిపిక్కలు కొట్టే పనే. నా చిన్నప్పుడు పొట్టు తీయడానికి ఇంటికి తెచ్చిన పప్పు చేటలో పోసి, నా చెయ్యి పట్టుకుని అందులో పెట్టేది. “కంటితో కాదే, ఏలితో సూడు. బద్దయితే అంచు తగుల్తది” అనేది.

విడుదలకు వారం ముందు ఒక సమస్య వచ్చింది. నేను ఫోన్లో ఆట పరీక్షిస్తుంటే పాప పక్కనుంచి వేళ్లు పెట్టేది. పప్పులు ఎటో పోయేవి. చిన్నపిల్లలున్న ఇళ్లన్నిట్లో ఇదే గొడవ అవుతుందని భయపడ్డాను. నాకు భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. టచ్ ఫిల్టర్ అని ఒకటి పెట్టాను. అంటే తెరకు గట్టిగా, నిండుగా ఆనని వేలిని ఆట లెక్కచేయదు. పాప వేళ్లు ఆగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆట బయటికొచ్చాక స్టోర్‌లో ఆడినవాళ్లు రివ్యూలు రాస్తారు. కింద మనం జవాబు రాయొచ్చు, అందరికీ కనిపిస్తుంది. మొదటి పది రోజులూ పాపకు అన్నం పెడుతూ కూడా అవే చూసుకునేదాన్ని. అన్నీ మంచి మాటలే. పదకొండో రోజు ఒక్క నక్షత్రంతో, తెలియని పేరుతో రెండే మాటలు వచ్చాయి: “నాకు పడట్లేదు.”

నచ్చలేదని చెప్పడమనుకున్నాను. మాకు వాళ్లు పడరు, వీళ్లు పడరు అంటాం కదా, అలా. మనసు చివుక్కుమంది. అయినా హుందాగా ఉండాలని నాలుగుసార్లు దిద్ది రాశాను: “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. ప్రతి ఆటా అందరికీ పడాలని లేదు. మీకు నచ్చే ఆట దొరకాలని కోరుకుంటున్నాం.” ఆ ‘కోరుకుంటున్నాం’ చూసి మా ఆయన నవ్వాడు. “ఎంతమంది ఉన్నారేటి మీ కంపెనీలో?”

మూడు నెలల తర్వాత పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మతో రేషన్ వరసలో నిలబడ్డాను. ముందు నూకమ్మత్త ఉంది. రేషనాయన వేలిముద్రల మిషన్ ఆమె ముందుకు తోశాడు.

“ఏలు పడట్నేదు మామ్మా. ఇంకోటి పెట్టు.”

ఇంకోటి పెట్టింది.

“అదీ పడట్నేదు. తుడుసుకుని పెట్టు.”

“తుడిత్తే వత్తదేటి బాబూ? ఏలి గీతలు జీడినూని తినీసింది” అని నూకమ్మత్త వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. “ఓలమ్మీ, నువ్వెప్పుడొచ్చేవు? సూడు, ఈ మిసనుకీ నాను పడనేదు, నీ ఆటకీ పడనేదు. అందరికీ పడాలని నేదంట కదా!”

అది నా జవాబులోని మాటే.

ఆమె మామూలుగానే చెప్పుకుపోయింది. మా అమ్మ చెబితే కోడలి ఫోన్లో ఆట వేయించుకుందట. “ఈ లెక్క మా పిల్లకి నేర్పింది నానే” అని తను పనిచేసే జీడి బట్టీలో అందరికీ చూపించబోయిందట. పప్పు సగం దూరం వచ్చి జారిపోయేదట. మూడుసార్లు జారడం, మళ్లీ మొదలు. “గురువునే ఓడగొట్టీసిందే నీ శిష్యురాలు” అని తోటివాళ్లు ఆ రోజంతా ఆటపట్టించారట. అప్పుడే కోడలి ఫోన్లో నోటితో చెప్పి రివ్యూ పెట్టించింది. ఆమె అన్న ‘పడట్నేదు’ను ఫోన్ ‘పడట్లేదు’గా దిద్దింది. నా జవాబు కోడలే చదివి వినిపించింది.

“అత్తా, నువ్వని తెలిస్తే అలా రాద్దునా?” అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. “నానైతే ఒకలాగ, నాను కానోల్లకి ఒకలాగానా?”



టెక్కలి వచ్చి, పాప వేళ్లతో పాటు ఆమె అరిగిన వేళ్లనూ ఆపేసిన ఆ ఫిల్టర్ తీసేశాను. జరపక్కర్లేకుండా పప్పును ఒకసారి, గడిని ఒకసారి తాకితే చాలేట్టు మార్చాను. అందుకు పట్టింది మూడు మధ్యాహ్నాలు. తర్వాతి వారమే నా ఫోన్ తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. ఒక లెవెల్ ఆడింది. ఎక్కడా తడుముకోలేదు. నాకంటే వేగంగా ముగించింది.

“పడతంది” అంది. ఫోన్ కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. “బాగుందే. మరి పనికి ఎల్తాను.” ఇంకో లెవెల్ అడగలేదు. కోడలి ఫోన్లోంచి ఎప్పుడో తీయించేసిన ఆటను మళ్లీ వేయించుకోలేదని తర్వాత అమ్మ చెప్పింది.

ఆమె చెయ్యి నాకు కొత్త కాదు. మొదటి గుండూ బద్దా ఆ వేళ్ల మధ్యనే తడిమి తెలుసుకున్నాను. అయినా ఆట పరీక్షించేటప్పుడు ప్రపంచంలో నా వేళ్లూ, నా పాప వేళ్లూ మాత్రమే ఉన్నాయనుకున్నాను. ఇప్పుడు రివ్యూ ఎంత చిన్నదైనా ముందు ఒక ప్రశ్న అడుగుతాను, తర్వాతే జవాబు.

స్టోర్‌లో పాత జవాబును మార్చుకునే వీలుంది. నూకమ్మత్త రివ్యూ కింద నా హుందాతనమంతా చెరిపేసి, “ఏది పడటం లేదో చెబుతారా?” అని రాశాను. మొదటి రోజే అడగాల్సిన మాట. ఇప్పుడు దాన్ని చదవడానికి ఆ ఫోన్లో ఆట లేదు.