చేతులు చూసి చెప్పిన పేరు

పోయిన నెల నా కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పిన డాక్టరమ్మ తన చేతిని నా ముఖం ముందు పెట్టి ఏం కనిపిస్తున్నదో చెప్పమంటే, వేళ్లెన్నో లెక్క చెప్పవలసిన నేను, ఆ చిటికెనవేలు మిగతా వేళ్లకు కాస్త ఎడంగా, అలిగినట్టు నిలబడి ఉండడం చూసి, ఇది ఫలానా ఆయన గీసే చెయ్యి అనుకుంటూ ఊరుకుండిపోయాను. పక్కనున్న మా చిన్నమ్మాయి కంగారుపడి, “నాయినా, ఎన్ని వేళ్లో చెప్పు” అని భుజం తట్టితే గానీ ఈ లోకంలోకి రాలేదు. ఆ చెయ్యి నన్ను అంతసేపట్లోనే పాతికేళ్ల వెనక్కి, మొయినాబాద్‌లో ఒక ఫారంహౌస్ గడ్డిమీదికి, నేను తలుచుకోవడానికి ఇష్టపడని ఒక ఆదివారంలోకి తీసుకుపోయింది.

నా ఈడు పాఠకులకు చెప్పనక్కరలేదు, మన చిన్నప్పుడు పిల్లల మాసపత్రికల్లో ధారావాహికంగా వచ్చే బొమ్మల కథలకు చాలావరకు రాసినవారి పేరు వేసేవారే గాని గీసినవారి పేరు వేసేవారు కాదు. పదో తరగతి లెక్కల్లో తప్పి, చేవెళ్లలో మా పెద్దనాన్న కిరాణా దుకాణంలో పొట్లాలు కడుతుండిన నేను, మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డ వేళ గ్రంథాలయానికి పోయి, ఏడాదికి పన్నెండు సంచికల చొప్పున అట్టవేసి కుట్టిన ఆ సంపుటాలను ముందేసుకుని, ఏ బొమ్మ ఎవరిదో పోల్చుకోవడమే పనిగా పెట్టుకున్నాను. ఒకాయన గుర్రం ఎప్పుడూ నాలుగు కాళ్లూ నేలకు ఆనించదు. నీడల కోసం వేసే సన్నగీతలు అందరివీ ఒకవైపు వాలితే ఇంకొకాయనవి రెండోవైపు వాలతాయి. ఆయనది ఎడమచేతి వాటమై ఉంటుందని నేను ఊహించుకున్న రెండేళ్లకు ఒక పాత ప్రత్యేక సంచికలో ఆయనమీద వచ్చిన వ్యాసంలో ఆ మాటే కనిపించింది; పరీక్ష ప్యాసైనవాళ్లు కూడా ఆ రోజు నేను పడినంత సంతోషం పడి ఉండరు. అందరిలోకీ పెద్ద చిత్రకారుడు ఒకాయన ఉండేవాడు, చిటికెనవేలు ఎడంగా ఉండేది ఆయన చేతులకే. ముఖం కప్పేసి చెయ్యి ఒక్కటి చూపించినా ఆయన పేరు చెప్పేవాణ్ణి. మా గ్రంథాలయం సారు ఎవరైనా పై అధికారి వస్తే నన్ను పిలిపించి, సంపుటం ఎక్కడో ఒకచోట తెరిచి నాచేత చెప్పించేవాడు. ఆ గర్వం ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పట్లో నాకున్న ఆస్తి అదే.

తరువాత సాఫ్ట్‌వేర్ కాలం వచ్చింది. మొయినాబాద్ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు లేచాయి, జొన్నచేలకు ప్రహరీ గోడలు లేచాయి, గేట్లకు పూలపేర్లు వచ్చాయి. నేను పెద్దనాన్న దుకాణం వదిలి మొయినాబాద్ రోడ్డుమీద ఒక దుకాణపు మలిగ కిరాయికి తీసుకుని జిరాక్స్, బైండింగ్ మొదలుపెట్టాను. అక్కడికి ఒకరోజు మధ్యాహ్నం కారులో దిగాడు, మాదాపూర్‌లో పెద్ద కంపెనీ ఉద్యోగి, మాకు దగ్గర్లోనే ఫారంహౌస్ కొన్న సారు. చిన్నప్పుడు చదివిన బొమ్మల కథలమీద ప్రేమకొద్దీ, మా గ్రంథాలయం అనుమతి తీసుకుని ఆ సంపుటాల్లోని నలభై కథలను కంప్యూటర్‌లోకి ఎక్కించాడట, సొంత ఖర్చుతో పుస్తకం వేస్తున్నాడట. పుస్తకం చివరి పేజీలో ఏ కథకు బొమ్మలు ఎవరు గీశారో పేర్లన్నీ వేయాలని ఆయన కోరిక. గ్రంథాలయం సారు నా పేరు చెప్పాడట. ఆ పేర్ల కింద, చిత్రకారులను గుర్తించినవారు అని నా పేరు కూడా వేస్తానన్నాడు. నాలుగు వారాలు కూచుని నలభై కథలకూ పేర్లు రాసిచ్చాను.

ఇక్కడ మా మామ సంగతి చెప్పాలి. మామ అంటే మా మేనత్త భర్త. చేవెళ్ల, మొయినాబాద్ మధ్య రోడ్డుకు అటూ ఇటూ ఉన్న దుకాణాల బోర్డులు చాలావరకు ఆయన రాసినవే. వయసులో ఉన్నప్పుడు మద్రాసు పోయి ఐదారేళ్లు పత్రికలకు బొమ్మలు గీశానని చెప్పేవాడు, మా ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు. పెళ్లిళ్లలో ఆయన ఆ మాట ఎత్తితే మా పెద్దనాన్న, “మద్రాసుల రాజుకు కిరీటం గూడ నువ్వే పెట్టినవ్ గద బావా” అనేవాడు, అందరూ నవ్వేవారు, మామ కూడా నవ్వేవాడు. ఆయన ఏ పత్రిక, ఏ కథ అని నేనూ ఎన్నడూ అడగలేదు. కంప్యూటర్‌తో కోసే స్టిక్కర్ అక్షరాలు వచ్చి ఆయన చేతికి పని తగ్గిపోయిన రోజులవి. ఫారంహౌస్ సారు మాత్రం గేటుకు చేతిరాతే కావాలని ఆయన్ను పిలిపించాడు. ఆ పని చేస్తూ మంచినీళ్లకని వరండాలోకి వచ్చిన మామ, బల్లమీద పరిచిన కాగితాల్లో ఓడమీద పోయిన వర్తకుడి కొడుకు కథ చూసి, ఇది నేను గీసింది సార్ అన్నాడు.

నలభైలోకీ మేలైన కథ అది. దానికి నేను రాసిచ్చింది చిటికెనవేలు ఎడంగా గీసే ఆ పెద్ద చిత్రకారుడి పేరు. సారు వెంటనే నాకు కబురు పెట్టాడు.

నేను పోయేసరికి ఆదివారం కనుక నగరం నుంచి వచ్చిన స్నేహితులు ఏడెనిమిది మంది గడ్డిమీద కుర్చీల్లో కూచుని ఉన్నారు. మామ చేతిలో కుంచె అట్లాగే ఉంది, గేటుమీద ఇంకా రెండక్షరాలు మిగిలి ఉన్నాయి. మేనత్త అన్నం డబ్బా తెచ్చి గేటు పక్కన నిలబడి ఉంది. సారు ఆ పేజీ నా చేతికిచ్చి, “మీరు చెప్పండి, మీ మాటే ఫైనల్” అన్నాడు. చూశాను. తాడు పట్టుకున్న చేతులు, దణ్ణం పెట్టిన చేతులు, అన్నింటికీ చిటికెనవేలు ఎడంగా ఉంది. అతిథుల్లో ఒకరు, ఆయన్నే ఒక చెయ్యి గీయమంటే పోలా అన్నారు. కాగితం, పెన్సిలు తెచ్చారు. ముప్పై ఏళ్లు జానెడు ఎత్తు అక్షరాలు రాసిన చేతికి ఆ పెన్సిలు పుల్లలాగా ఉంది. టర్పెంటైన్‌తో పగుళ్లు పట్టిన వేళ్లకు సన్నగీత లొంగలేదు. కాగితంమీద పడింది మంగలి దుకాణం బోర్డుమీద గీసే చెయ్యి. ఎవరో కిసుక్కుమన్నారు. మామ నావైపు తిరిగి, “కింద అంచుల సంతకముంటది అల్లుడా, జర చూడు” అన్నాడు.

ఆ సంపుటాన్ని నేను వందసార్లు చూశాను, ఏ అంచులోనూ ఏ సంతకమూ లేదు. కనీసం గ్రంథాలయానికి పోయి మళ్లీ చూసి చెప్తానని అనవచ్చు. మేనత్త మొహం చూసైనా అనవచ్చు. కాని అందరూ నావైపే చూస్తున్నారు, నేను పుస్తకాలు చదివినవాణ్ణి. “లేదు మామా” అని, సారు వైపు తిరిగి, “ఇది ఈయన గీసింది కాదు సార్” అన్నాను. మామ పోయి మిగిలిన రెండక్షరాలూ వంకర లేకుండా రాసి, కుంచె కడిగి, అన్నం డబ్బా విప్పకుండానే మేనత్తతో కలిసి బస్సెక్కాడు.

నాలుగు రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, నిజం నిజమే కదా అని. శుక్రవారం పొద్దున, ముందురోజు నేను బైండింగ్ చేసి ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టు తీసుకుని ఒక ఇంజినీరింగ్ విద్యార్థి దుకాణం మీదికి వచ్చాడు. “అన్నా, పేజీ నంబర్లు ఏవన్నా? కటింగ్ మిషన్ల పెట్టి అన్ని కోసేసినవ్. మా సార్ లోపలికి గూడ రానియ్యడు” అని పుస్తకం బల్లమీద కొట్టాడు. చూద్దును గదా, అంచులు సమంగా రావాలని నేను మూడువైపులా కోసినప్పుడు కింద ఉన్న అంకెలన్నీ తెగిపోయాయి. దానికేం సమాధానం చెప్పాలా అని చూస్తుండగానే, ఎండాకాలంలో మా గ్రంథాలయం వరండాలో కూచుని, సంచికలను కుట్టి, బిగించి, పెద్ద కత్తితో మూడువైపులా అంచులు కోసే ముసలి బైండరు కళ్లముందు మెదిలాడు. నేను నేర్చుకున్న విద్యంతా ఆయన కోయగా మిగిలిన కాగితంమీదే నేర్చుకున్నాను. సారు కంప్యూటర్‌లోకి ఎక్కించినవీ ఆ పేజీలే.

ఆ సాయంత్రమే పేర్ల పేజీ ఉండే చివరి పదహారు పేజీల ఫారం అచ్చుకు పోతుందని సారు చెప్పి ఉన్నాడు. కుర్రవాడికి మర్నాటికల్లా మళ్లీ చేసిస్తానని ఒట్టు పెట్టి, షట్టరు దించి చేవెళ్ల బస్సెక్కాను. కుట్టని విడి సంచికలు ఎక్కడుంటాయని అడిగితే గ్రంథాలయం సారు చాలాసేపు ఆలోచించి, ఆలూరులో ఒక పటేలు ఇంటికి ఆ పత్రిక పోస్టులో వచ్చేది, ఒకప్పుడు మాకు తక్కువైన సంచిక అడిగితే ఇవ్వలేదు అన్నాడు. ఆటోలో ఆలూరు పోతే ఆ ఇంటిముందు నాలుగు కార్లు, లోపల భూమి బేరం నడుస్తున్నది, నన్ను పలకరించేవాళ్లు లేరు. నిలబడి నిలబడి చివరకు పెరటివైపు పోయి, అక్కడ కూచున్న పటేలు తల్లిని అడిగాను. “ఆ బొమ్మల పుస్తకాలా బిడ్డా? చీమలు రావొద్దని తొక్కు జాడీల కింద పరిచిన. తీస్కో గని, జాడీ పలిగితె నీ తోలు తీస్త” అన్నది. పన్నెండు జాడీలు ఒక్కొక్కటే దించాను. నూనె ఇంకిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, ఎక్కడ చిరుగుతాయోనని గోటితో మెల్లగా విడదీశాను. ఏడో జాడీ కింద ఓడ కనిపించింది. చివరి బొమ్మ గడి కిందుగా, కాగితం అంచుకు అర అంగుళం పైన, బియ్యపుగింజంత అక్షరాల్లో మామ పేరులోని మొదటి రెండక్షరాలు, పక్కన ‘చేవెళ్ల’.

అక్కడినుంచి పుస్తకం అచ్చవుతున్న ప్రెస్సుకు, మెహదీపట్నానికి, రెండు గంటలు. ఆ బస్సు ఆగిన ప్రతి స్టేజీ నాకింకా గుర్తుంది. ప్రెస్సులో యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. కథల ఫారాలన్నీ అయిపోయి, పేర్ల పేజీ ఉన్న ప్లేటు బిగిస్తున్నారు. సారు చెప్తేనే ఆపుతామన్నాడు ఫోర్‌మన్. అక్కడి ఫోనునుంచి కలిపి విషయం చెప్తే సారు, “మీరే కదండీ కాదన్నది? ఇది తప్పైతే మిగతావి రైటని నేనెలా నమ్మను?” అన్నాడు. నాది తప్పు సార్, ఈ ఒక్కదానికే కాగితం నా చేతిలో ఉంది, మిగతావాటికి నా కన్ను తప్ప సాక్ష్యం లేదు, నా పేరు తీసేయండి, మామ పేరు వేయండి అన్నాను. ఆయన అదే చేశాడు. గుర్తించినవారి వరుస తీసేసి, మిగతా పేర్ల కింద ‘ఊహించినవి’ అని ఒక మాట చేర్చాడు. కొత్త ప్లేటు వచ్చి మొదటి కాగితం బయటపడేదాకా నేను అక్కడే స్టూలుమీద కూచున్నాను.

పుస్తకం అందగానే మామ ఇంటికి తీసుకుపోయాను. ఆయన చివరి పేజీ తీసి, తన పేరు మీద బొటనవేలు ఆనించి, రంగు ఆరిందో లేదో చూసినట్టు చూశాడు. ఆ చేతుల సంగతి అప్పుడు చెప్పాడు. ఆ పెద్ద చిత్రకారుడు జబ్బుపడి గీయలేకపోతే పత్రికవాళ్లు ఆ కథ ఈయనకిచ్చి, చదివేవాళ్లకు తేడా తెలియకూడదని షరతు పెట్టారట. సంతకమైనా గడి బయట, చిన్నగా పెట్టుకోమన్నారట. “ఆయన చిటికెనవేలు నా చేతికి రావటానికి మూడు నెలలు పట్టింది. నువ్వే గుర్తువట్టలేదంటె పని మంచిగనే చేసిన అన్నట్టు” అని నవ్వాడు. నా గుండెమీది బరువు దిగిందనుకున్నాను. అప్పటిదాకా పొయ్యి దగ్గర కూచున్న మేనత్త, నావైపు చూడకుండానే, “అదంత మంచిగనే ఉన్నది గని, అంతమంది ముంగట కాదన్నవు గదరా. ఆ మాట ఏ పుస్తకంల దిద్దుతవు?” అన్నది.

దిద్దలేకపోయాను. ఆ ఆదివారం గడ్డిమీద కూచున్నవాళ్లు ఆ పుస్తకం చూసి ఉంటారో లేదో, చూసినా చివరి పేజీ దాకా పోయి ఉంటారో లేదో తెలియదు. వాళ్ల పేర్లు నాకు తెలియవు, సారు కూడా రెండేళ్లకు ఆ ఫారంహౌస్ అమ్మి వెళ్లిపోయాడు. మామ పోయి ఎనిమిదేళ్లయింది, మేనత్త అంతకు ముందే పోయింది. ఈనాటి పిల్లలు ఒక బొమ్మ ఫోన్‌లో పెడితే చాలు, గీసినవారి పేరు నిమిషంలో వస్తుంది, తప్పైతే ఇంకో నిమిషంలో మారుతుంది, ఎవరూ ఎవరి ముఖం చూడనక్కరలేదు. ఆ సుఖం చూసి ఒక్కోసారి ఈర్ష్య కలుగుతుంది. మా కాలంలో మాట నోటినుంచి వచ్చేది, ఎదుట మనిషి ఉండేవాడు, విన్నవాళ్లు లేచి తలో బస్సెక్కి వెళ్లిపోయేవారు. వాళ్లలో ఎవరో ఒకరు ఇప్పటికీ ఎక్కడో, మొయినాబాద్‌లో ఒక ముసలి పెయింటరు తనది కాని బొమ్మ తనదన్నాడని నవ్వుతూ చెప్తూనే ఉండి ఉంటారు.