పదును ఆరకముందే

నా బిడ్డ ఒంటి మీద మొదటి మచ్చ నాలుగో నెలలో కనిపించింది. ఎడమ బుగ్గ మీద బొట్టుబిళ్ళంత ఎరుపు, ముట్టుకుంటే గరుకు. చలికాలం కదా, చర్మం పగిలి ఉంటుందనుకున్నాను. వారం తిరిగేసరికి రెండో బుగ్గకు వచ్చింది. తర్వాత మోచేతుల మడతల్లోకి, మోకాళ్ళ వెనక్కి పాకింది. కొన్నిచోట్ల నీరు కారి, ఆరి, చెక్కు కట్టేది. ఇంకా సరిగా బోర్లా పడడం కూడా రాని పిల్ల గోక్కోవడం మాత్రం నేర్చుకుంది. ఆ చేతులు తనవేనని తెలియకముందే వాటితో తన చెంపను రక్తం వచ్చేదాకా గీరుకునేది. చూస్తే ఏడుపొచ్చేది. ఏడుపుతో పాటు ఒక రకమైన విస్మయం కూడా కలిగేది. జానెడు ఒంట్లో ఇంత దురద ఎక్కడ పట్టింది దేవుడా అనుకునేదాన్ని.

ఊళ్ళో తలా ఒక పేరు పెట్టారు. ఒకామె తామర అంది, ఒకామె గజ్జి అంది. అమ్మవారు పోసిందని మా పక్కింటామె గడపకు వేపమండలు కట్టించి, తొమ్మిది రోజులు ఇంట్లో పోపు వేయనివ్వలేదు. పదో రోజు పోపు వేసుకున్నాం, మచ్చలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకసారి బస్సులో పక్క సీటామె నా బిడ్డను చూసి, తన బిడ్డను చటుక్కున కిటికీ వైపు జరుపుకుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అంటుకునే రోగం కాదమ్మా, అంటుకునేదైతే పొద్దంత ఎత్తుకొని తిరిగే నాకు రావాలె గద ముందు" అన్నాను. ఆమె దిగేదాకా మళ్ళీ నా వైపు చూడలేదు.

నేను కల్వకుర్తిలో బట్టల దుకాణం వెనకింట్లో పెరిగినదాన్ని. డిగ్రీ చదివాను, అదీ సైన్సు. మర్రిగూడ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాక నాకన్నా తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారన్న ధీమా చాలాకాలం ఉండేది. మా ఆయన లారీ నడుపుతాడు, వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. మిగతా రోజులు ఇంట్లో నేను, నా బిడ్డ, మా అత్తమ్మ.

మా అత్తమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె కాళ్ళ గురించి చెప్పాలి. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరిన్ నీళ్ళకు ఆమె మోకాళ్ళు బిగుసుకుపోయాయి. నల్లాల్లోకి కృష్ణ నీళ్ళు వచ్చేసరికే ఆమె ఎముకలు ఎట్లా ఉండాలో తేల్చేసుకున్నాయి. గొంతుక్కూర్చోలేదు, మఠం వేసుకోలేదు. నేనూ పక్కింటామె ఇద్దరం పట్టి కిందికి దించితే, గోడకు ఆనుకొని రెండు కాళ్ళూ తిన్నగా చాపి కూర్చుంటుంది. లేవాలంటే మళ్ళీ ఇద్దరు కావాలి. పావుగంట దాటితే నడుము దాకా సలుపు. కానీ చంటిపిల్లలకు నీళ్ళు పోయడానికి అట్లాంటి కాళ్ళు ఎక్కడా దొరకవు. పిల్ల తల పాదాల మీద, ఒళ్ళు పిక్కల మధ్య. ఎంత తన్నుకున్నా ఆ కాళ్ళు కదలవు, వణకవు. వాడలో ఎవరికి కాన్పయినా ముందు మా అత్తమ్మకే కబురొచ్చేది. పొలానికి పనికిరాకుండా పోయిన కాళ్ళు ఊరి పిల్లలందరికీ ఉయ్యాల అయ్యాయి.

ఆమె నీళ్ళు పోసే తీరు ఒకటుంది. ముందు నువ్వుల నూనె పట్టించి, శెనగపిండితో ఒళ్ళంతా రుద్ది, పొగలు కక్కే నీళ్ళు చెంబు తర్వాత చెంబు పోస్తుంది. చివర ఊదు పొగ. పిల్లలు ఎర్రగా అయి, ఏడ్చి ఏడ్చి, సొమ్మసిల్లినట్టు పడుకుంటారు. "చూడు, ఎట్ల హాయిగ పన్నదో" అని మురిసిపోయేది. నా బిడ్డ మాత్రం అరగంటకే లేచి గోకుడు మొదలుపెట్టేది. దురద ఎక్కువైంది కదా అని ఆమె ఇంకొంచెం పిండి, ఇంకొంచెం వేడి పెంచేది. నేను కూడా పక్కనే నిలబడి నీళ్ళు అందించాను. ఆ మాట ఇక్కడ రాయకపోతే అబద్ధమవుతుంది.

పదో నెలలో నల్గొండ దవాఖానకు తీసుకెళ్ళాం. అత్తమ్మ కూడా వస్తానని పట్టుబట్టి, బస్సులో కాలు నడవాలోకి చాపి కూర్చుంది. ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు దాటుకుంటూ పోయారు. డాక్టరమ్మ నా బిడ్డ మోచేతి మడత చూసి, వేలితో మెల్లగా తడిమి, "ఎగ్జిమా" అంది. తర్వాత "స్నానం ఎవరు చేయిస్తారు?" అని అడిగింది.

"నేనే పోస్త మేడం. మా వాడలందరికి నేనే పోస్త. పొగలు రావాలె, గట్ల పోస్త" అంది అత్తమ్మ గర్వంగా.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "అమ్మా, ఇది మీ తప్పు కాదు. ఈ పాప చర్మం తీరే అంత. మామూలు చర్మం తడిని లోపల పట్టి ఉంచుకుంటుంది. ఈమెది వదిలేస్తుంది. వేడినీళ్ళు, పిండి కలిసి ఉన్న కాస్తనూ లాగేస్తున్నాయి" అని చెప్పింది. గోరువెచ్చని నీళ్ళు, పది నిమిషాల లోపు స్నానం, పిండి వద్దు, రుద్దొద్దు, పొగ వద్దు. ఎర్రగా ఉన్నచోట ఒక మలాం, అదీ ఆమె చెప్పినన్ని రోజులే. ఒళ్ళంతటికీ చిక్కటి తెల్ల మలాం, స్నానం కాగానే, రోజూ, తగ్గినా సరే. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనని, అదుపులో ఉంచుకోవచ్చని, చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుందని కూడా చెప్పింది.

ఆమె చెప్పిన వాటిలో నా చెవికెక్కింది రెండే, వేడినీళ్ళు, పిండి. బస్టాండుకు వచ్చేదాకా ఓపిక పట్టాను. అక్కడ నలుగురిలో అన్నాను. "నీ నీళ్ళతోనే నా బిడ్డ తోలు ఊడింది అత్తమ్మా. నీ పేరు నిలబెట్టుకునుడు కోసం దాన్ని ఉడకబెట్టినవ్."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. అత్తమ్మ పైట కొంగు సర్దుకుంది. మర్నాటి నుంచి స్నానం వేళకు లోపలి అర్రలోకి వెళ్ళిపోయేది. ఆ వారంలోనే వాడ చివరింట్లో కోడలికి బిడ్డ పుట్టిందని పిలవడానికి వస్తే, "నా చేతులు మంచియి గావు బిడ్డా, ఇంకెవర్నన్న సూస్కోరి" అని పంపేసింది. నేను వంటింట్లోంచి విన్నాను. విని కూడా ఊరుకున్నాను.

ఇక నేనే స్నానం చేయించాను. చిన్న పీట మీద కూర్చుని, ఒడిలో పట్టుకుంటే పిల్ల చేపలా జారేది. గోరువెచ్చని నీళ్ళే పోశాను, పిండి ముట్టలేదు. తుడిచి, గౌను వేసి, నేల కడిగి, తడిబట్టలు ఆరేసి, చేయి ఖాళీ అయ్యాక మలాం రాసేదాన్ని. మూడు వారాలయింది. ఎరుపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఒళ్ళు మాత్రం అట్లాగే చెక్కులు లేచి ఉండేది. మడతల్లో గీతలు గీతలుగా చీలేది. చేతులకు మేజోళ్ళు తొడిగితే, మెడను భుజానికేసి రుద్దుకునేది. డాక్టరమ్మకే తెలియదనుకున్నాను. ఇక నా బిడ్డ బతుకంతా ఇంతేనా అని భయం పట్టుకుంది.

ఒకరోజు బట్టలు ఆరేసి వస్తుంటే అత్తమ్మ అర్ర గడపలో కర్ర పట్టుకొని నిలబడి ఉంది.

"ఓ పిల్లా, నీళ్ళు పోసి ఎంతసేపాయె?"

"ఎంతసేపైతే ఏంది?"

"పదును పోయింది గద."

నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే కోపం వచ్చే మనిషిని. "చెప్తే తిన్నగ చెప్పు" అన్నాను.

ఆమె చెప్పలేదు. కర్ర ఆనించుకుంటూ ఇంటి వెనక ఉన్న మా వానాధారపు చెల్కలోకి నడిచింది. పిల్లను చంకనేసుకొని వెంట వెళ్ళాను. వాన పడి ఎనిమిది రోజులు. పత్తి మొక్కలు మోకాలెత్తు కూడా లేవు. పక్కవాళ్ళ చెల్కలో అరక దున్నే మనిషి దొరక్క వదిలేశారు. అక్కడ నేల పెచ్చు కట్టి ఉంది. అత్తమ్మ కర్రతో పొడిస్తే టక్కుమంది. పెచ్చు కిందా ఎండిన మట్టే. తర్వాత మా చెల్కలోకి తిరిగి అదే కర్ర దించింది. పైన రెండు వేళ్ళ మందం దుమ్ము, కర్ర మెత్తగా దిగింది. పైకి తీస్తే కొనకు ముదురు ఎర్రటి తడిమట్టి అంటుకొని ఉంది.

"పదునంటే నేలల తడి. వాన వడ్డంక ఆ పదును ఆరకముందే గుంటుక తోలి పైమట్టి లేపాలె. పైమట్టి పొడి అయి కప్పుకుంటది, కింది తడి కిందనే ఉంటది. రేపు తోల్తం ఎల్లుండి తోల్తమంటే ఎండ తాగిపోతది. నువ్వు నీళ్ళు మంచిగనే పోస్తున్నవ్. ఆపుత లేవు. నీళ్ళు పోసుడు పెద్ద పని గాదు బిడ్డా, పోసిన నీళ్ళు ఆపుడు పెద్ద పని."

నేను వంగి ఆ మట్టిలో వేలు పెట్టాను. పైన ఎండ మాడ్చేస్తోంది, వేలి కొసకు మాత్రం చల్లగా తగిలింది. ఎనిమిది రోజుల కిందటి వాన అది. ఆ దుమ్ము కింద ఎవరికీ కనబడకుండా ఆగి ఉంది. సైన్సు చదివిన నేను "కాగానే" అన్న మాటను పనులన్నీ అయ్యాక అని అర్థం చేసుకున్నాను. బడి ముఖం చూడని ఈ మనిషి, చెరువు లేని ఊళ్ళో నలభై ఏళ్ళు వాన చుక్కను నేలలో దాచి పంట తీసిన ఈ మనిషి, డాక్టరమ్మ మాటను ఆ గదిలోనే సాంతం పట్టుకుంది. పట్టుకొని, నా నోటికి భయపడి, మూడు వారాలు లోపల దాచుకుంది.

మర్నాడు పక్కింటామె సాయంతో అత్తమ్మను గోడ పక్కన దించాను. కాళ్ళు చాపింది. బిడ్డను వాటి మీద పడుకోబెట్టాను. బకెట్టు దగ్గరికి జరిపితే ఆమె అందులో చేయి పెట్టలేదు.

"నీ చెయ్యి పెట్టి సూడు. నా చేతులకు వేడి తెల్వది. పొయ్యిల కట్టెలు ఎగదోసి, పత్తి ఏరి మొద్దువారినయ్. నాకు సల్లగ అనిపించిన నీళ్ళు దానికి కాలినయేమో." బకెట్టును నా వైపు నెట్టి, "నువ్వన్నది నిజమే" అంది.

నిజం కాదని చెప్పాలనుకున్నాను. మణికట్టు లోపలి వైపు నీళ్ళలో ముంచి, ఇంకో చెంబు చన్నీళ్ళు కలిపి, "ఇప్పుడు పొయ్యి అత్తమ్మా" అన్నాను.

ఆ స్నానం ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు నమ్మబుద్ధి కాదు. వందమంది పిల్లల్ని రుద్ది రుద్ది కడిగిన చేతులు, అరవై దాటిన చేతులు, ఆ పొద్దు నా బిడ్డ మీద గాలిలా కదిలాయి. పిండి లేదు, పొగ లేదు, ఏడుపు లేదు. పాత నూలు చీర ముక్కతో అద్దిందే గాని తుడవలేదు. ఎర్రటి చోట్ల ఆ మలాం నేను పెట్టాను. వేళ్ళ సందుల్లో నీటి బొట్లు ఇంకా ఉండగానే తెల్ల మలాం ఆమె పట్టించింది. బుగ్గలు, మెడ, మడతలు, మడమల దాకా. "పదును మీదుంది, తొందర తొందర" అని నన్ను తరిమింది. గౌను తర్వాత, బట్టలు తర్వాత, లోకమంతా తర్వాత.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళు కాలేదు. నా బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. చలికాలం వస్తే మోచేతి మడతలో అది మళ్ళీ తలెత్తుతుంది, మేమూ మళ్ళీ మలాం డబ్బా దించుతాం. పోయిందని చెప్పను, దాని తీరు మాకు తెలిసింది. అత్తమ్మను వాడలో మళ్ళీ పిలుస్తున్నారు. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా ముందు పిండి డబ్బా లోపల పెట్టించి, ఆ బాలింత చేయి నీళ్ళలో పెట్టిస్తుంది. ఎదురు చెప్తే తిడుతుంది కూడా.

అట్లా నీళ్ళు పోయడం మొదలుపెట్టి రెండు వారాలు కావస్తున్న ఒక మధ్యాహ్నం మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోదు. స్నానం అయింది, మలాం అయింది. గౌను తేవడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి పిల్ల ఆమె కాళ్ళ మీదే నిద్రపోయింది. ఏడ్చి అలసి కాదు, ఊరికే, మామూలు పిల్లలు పడుకున్నట్టు. రెండు చేతులూ పక్కలకు వాలి, వేళ్ళు విచ్చుకొని ఉన్నాయి. ఒక్క వేలు కూడా ఒంటి మీదికి పోవడం లేదు. మోకాలి వెనక చర్మం నునుపుగా, ఎండకు మెరుస్తోంది. నా బిడ్డ చర్మం ఎట్లా ఉంటుందో నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఎత్తుకోబోతే అత్తమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఉండనీయ్. ఏడు నెల్లాయె గోక్కోకుండ పండి."

"కాళ్ళు గుంజుతయ్ అత్తమ్మా."

"గుంజనీయ్."

పావుగంట దాటింది. అరగంట దాటింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది, పెదవి పళ్ళ కింద నొక్కి పెట్టింది, కాళ్ళు మాత్రం కదలలేదు. గంటసేపు అట్లాగే ఉంది. బస్టాండులో నేనన్న మాట ఇంకా మా ఇద్దరి మధ్యే ఉంది. క్షమించమని అనడం మా ఇళ్ళల్లో అలవాటు లేదు, పాదాలు పట్టుకుంటే సరిపోతుంది. వంగాను. ఆ పాదాల మీద చేయి పెట్టే జాగా లేదు. నా బిడ్డ తల అక్కడే ఉంది, నిద్రలో.