కిరాయి గడప

ఆ కొన్ని రోజులు మా హాస్టల్ మెస్‌లో మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక పాట నేర్చుకునే పని ఉండేది. యూనివర్సిటీలో ఏటా జరిగే సాంస్కృతిక ఉత్సవంలో ఈసారి మెస్‌లో పనిచేసే ఆడవాళ్ళు కూడా స్టేజీ ఎక్కాలని, కార్యక్రమం చూసే మేడం పట్టుబట్టింది. మాకు పాట నేర్పింది గిన్నెలు కడిగే ఒడిశా ఆమె. వాళ్ళ ఊళ్ళో నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాట అది. మేమంతా లాలాపేట నుంచో మౌలాలి నుంచో వచ్చేవాళ్ళం, ఒకప్పుడు ఊళ్ళల్లో నాట్లు వేసినవాళ్ళమే. పాట వరస తొందరగానే పట్టుబడింది. మాటలే నోటికి రాలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. హాస్టల్ పిల్లలే నేర్పారు, మెస్ బోర్డు మీద రాసే కూరల పేర్లతో మొదలుపెట్టి. అందుకని ఆ పాటను తెలుగు అక్షరాల్లో రాసి గోడకు అంటించే పని నాకు పడింది. ఆమె ఒక మాట అంటే నేను రాసి, చదివి వినిపించేదాన్ని. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

"నువ్వు రాసినంక ఒడిశా ఆమె గూడ మన నల్గొండ ఆమె అయితది" అని చపాతీలు చేసే ఆవిడ నన్ను ఆటపట్టించేది.

ఆ ఉత్సవం మొదట్లో ఇలా ఉండేది కాదు. నేను పనిలో చేరిన కొత్తలో అది తెలుగువాళ్ళదే, అందులోనూ పుస్తకాల తెలుగు మాట్లాడేవాళ్ళది. మా మాట స్టేజీ మీద వినపడిందంటే అది నవ్వించడానికే. పనిమనిషి వేషం కట్టిన పిల్ల "ఏంది" అంటే జనం పడి పడి నవ్వేవాళ్ళు. తలుపు దగ్గర టీ ట్రేతో నిలబడి నేనూ నవ్వేదాన్ని, ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండా. తర్వాత్తర్వాత మా పాటలు స్టేజీ ఎక్కాయి. డప్పు ఎక్కింది. ఆ తర్వాత మణిపూర్ పిల్లల నాట్యం, కేరళ పిల్లల పాట, ఆఫ్రికా నుంచి వచ్చి చదువుకునే పిల్లల డోళ్ళు వచ్చాయి. తార్నాకలో మెట్రో దిగి నడుస్తుంటే ఎన్ని భాషలు చెవిన పడతాయో, అన్నీ ఆ సాయంత్రం మైకులో వినపడేవి. ఊరు మారిన కొద్దీ కార్యక్రమం మారింది. అది మంచి పనేనని ఇప్పటికీ అంటాను.

ఒడిశా ఆమె భర్త ఇళ్ళల్లో గ్రానైట్ బండలు కోసి నున్నచేసే పని చేసేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మనిషి ఎండిపోయాడు. లాలాపేటలో ఒక మూడంతస్తుల ఇంటి వెనక గదిలో ఉండేవాళ్ళు. ఆ ఇంటావిడ రాయలసీమ నుంచి ఎప్పుడో భర్త ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి. చెడ్డది కాదు. అతను మంచాన పడ్డాక పొద్దున్నే రాగిజావ కాచి ఇచ్చేది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులని గేటు ముందు ఊడ్చి ముగ్గు వేసే పని ఒడిశా ఆమె తనంత తానే చేసేది.

ఉత్సవం రోజు పొద్దున, సర్కారు దవాఖానాలో అతను పోయాడు.

నేను సెలవు పెట్టి దవాఖానాకు ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె ఏడవడం లేదు. అతని అన్న అప్పటికే ఊళ్ళో రైలెక్కాడని, మరుసటి రోజు పొద్దున దిగుతాడని చెప్పింది. ఆ ఒక్క రాత్రి భర్తను ఇంటి దగ్గర ఉంచుకోవాలి. అన్న వచ్చి ముఖం చూడాలి. ఇంటి గడప ముందు స్నానం చేయించి, అక్కడి నుంచి సాగనంపాలి. ఆమెకు కావలసింది అంతే. గడప ముందు నుంచి సాగనంపని మనిషికి దారి తెలియదని, తిరుగుతూనే ఉంటాడని వాళ్ళ నమ్మకం.

ఈ ఊళ్ళో కిరాయికి ఉండేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. దవాఖానాలో పోయిన మనిషిని కిరాయింటికి తీసుకురానివ్వరు. ఇల్లు కొన్నాళ్ళు పాడుపెట్టాలని, తర్వాత ఎవరూ దిగరని ఓనర్లు భయపడతారు. అందుకే చాలామంది నేరుగా శ్మశానానికి తీసుకుపోతారు. కొందరు మాత్రం ఎవరికీ చెప్పకుండా తెచ్చేస్తారు. వాకిట్లో దించాక ఎత్తుకుపొమ్మనే ధైర్యం ఎవరికీ ఉండదు. తరవాత తిట్లు పడతారు, ఖాళీ చేస్తారు. నేను అలాగే చేద్దామనుకున్నాను, ఆమెకు ఇంకా చెప్పలేదు.

నేను కాగితాల కోసం కిటికీ దగ్గర వరసలో నిలబడి ఉండగా ఆమె ఇంటావిడకు ఫోన్ చేసింది. మేం వస్తున్నామని, వాకిట్లో నీళ్ళు చల్లించమని, మేం వచ్చేదాకా పొయ్యి వెలిగించవద్దని చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఇంటి పెద్దకు ముందు కబురు పెట్టకుండా శవాన్ని తేవడం పెద్ద అవమానం. ఆమె మర్యాద చేశాననుకుంది.

అంబులెన్సు సందులోకి వచ్చేసరికి గేటుకు తాళం వేసి ఉంది. లోపల ఇంటావిడ నిలబడి ఉంది.

నేను దిగి బతిమాలాను. లోపలికి తేము, గేటు పక్కన గోడ నీడలో పెట్టుకుంటాం, పొద్దున అన్న రాగానే తీసుకుపోతాం అన్నాను. పైన ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఈ పొద్దే ఖాళీ చేస్తామంటున్నారని ఆవిడ చెప్పింది. కింద కర్రీ పాయింట్ పెట్టుకున్నాయన కూడా గొడవ చేస్తున్నాడట.

"మా అత్త సచ్చిపోతే మమ్మల్ని గూడా ఇట్లే నిలబెట్నారు" అంది. "తార్నాకలో, వానలో. రోడ్డు మీదనే పెట్టుకుంటిమి. నాకు తెల్దనుకోవద్దు."

"తెలిసి గూడ గిట్ల జేస్తవా అమ్మా?" అన్నాను.

"తెలుసు గాబట్టే తాళమేసినా. గేటు తెరిసింటే నేను వద్దనలేను."

ఒడిశా ఆమె అంబులెన్సు మెట్టు మీద కూర్చుని ఉంది. గేటు ముందు ఆ పొద్దున ముగ్గు పడలేదు, ముందు రోజు తను వేసింది సగం చెరిగి ఉంది.

"అమ్మా, రోజూ గీ ముగ్గు నేనే ఏసిన" అంది.

ఇంటావిడ చెంగుతో ముఖం కప్పుకుంది. తాళం మాత్రం తీయలేదు.

నేను ఉండేది కూడా కిరాయి గదే, అక్కడికి నాలుగు సందుల అవతల. నా ఓనర్‌కు ఫోన్ చేశాను. అతను అరవలేదు, నెమ్మదిగానే మాట్లాడాడు. "పెద్దమ్మా, నీ సొంత మనిషైనా నేను వద్దనే అందును. గా ఒడిశా వాళ్ళ పీనుగు మనకెందుకు? తెస్తే నీ సామాను గూడ అదే బండ్ల ఏస్కపో" అన్నాడు.

అప్పుడే మేడం ఫోన్ వచ్చింది. చీరలు కట్టే అమ్మాయిలు వచ్చారని, మేం ఇంకా రాలేదేమని అడిగింది. జరిగింది చెప్పాను. క్యాంపస్‌లో ఎక్కడైనా ఒక రాత్రికి చోటు అడిగి చూస్తానంది. డ్రైవర్ స్టీరింగ్ మీద వేళ్ళతో కొడుతున్నాడు. అతనికి ఇంకో పిలుపు ఉంది. దవాఖానా వాళ్ళు ఒకసారి అప్పగించిన శవాన్ని మళ్ళీ తీసుకోరని అతనే చెప్పాడు. మేడం మళ్ళీ చేసింది. పెద్దవాళ్ళు వస్తున్నారు, పోలీసులు ఉన్నారు, ఎవరూ ఒప్పుకోవడం లేదంది.

"ఆమెను మాత్రం తీసుకురండి. రాత్రికి హాస్టల్లో ఉండనిస్తాను" అంది.

"మరి ఆయన?" అని అడిగాను.

డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు.

పొద్దు వాలే వేళకు శ్మశానానికి చేరాం. ప్రహరీ పక్కన ఒక నల్లా ఉంది. స్టేజీ మీదకు పోవలసిన మా మెస్ ఆడవాళ్ళలో ముగ్గురు అలంకరణ మధ్యలో వదిలేసి వచ్చారు. ఒకామె కాళ్ళకు అప్పుడే పెట్టిన పారాణి ఇంకా తడిగా ఉంది. మేం చీరలు అడ్డం పట్టుకున్నాం, ఒడిశా ఆమె తన భర్తకు స్నానం చేయించింది. అన్నకు వీడియో కాల్ చేసి ముఖం చూపించబోయింది. రైలు ఎక్కడో అడవుల్లో పోతోంది. బొమ్మ వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఆగిన ఆ బొమ్మలో అన్న నోరు తెరిచి ఉంది, మాట వినపడలేదు. చాలాసేపు ఫోన్‌ను అలాగే భర్త ముఖం మీద పట్టుకుని నిలబడింది. ఆడమనిషి నిప్పు పెట్టకూడదని కాటికాపరి అన్నాడు. మాలో చపాతీలు చేసే ఆవిడ అతని వంక చూసి "ఇంకెవరున్నరు, నువ్వు వెడ్తవా?" అంది. అతను పక్కకు జరిగాడు.

ఆ రాత్రి ఆమె మా మెస్ స్టోర్ గదిలో, బియ్యం బస్తాల పక్కన పడుకుంది. మేడం మాట నిలబెట్టుకుంది.

పొద్దున టిఫిన్ల వేళ హాస్టల్ పిల్లలు ఆమె చుట్టూ చేరారు. మేం రాకపోయేసరికి గోడ మీది కాగితం తీసుకుపోయి, వాళ్ళే ఆ పాట పాడారట. మణిపూర్ పిల్ల, కేరళ పిల్ల, మన పాలమూరు పిల్లలు ఇద్దరు, అందరూ కలిసి. పాటకు ముందు మేడం ఆమె సంగతి చెబితే జనమంతా లేచి నిలబడ్డారట. ఒక పిల్ల ఏడుస్తూనే ఫోన్లో వీడియో పెట్టి చూపించింది. నేను ఆమె భుజం మీదుగా చూశాను. పెద్ద స్టేజీ, వెనక రంగురంగుల దీపాలు. నేను తప్పుగా రాసిన మాటలు తప్పుగానే పాడుతున్నారు, కానీ మనసు పెట్టి పాడుతున్నారు. చివర చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ఆమె చివరిదాకా చూసింది. "రెండో చరణం ముందల పాడిండ్రు" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

అన్నను తీసుకురావడానికి స్టేషన్‌కు ఇద్దరం కలిసే వెళ్ళాం. బక్కపలచని మనిషి, చేతిలో ఒక సంచీ తప్ప ఏమీ లేదు. సామాను కోసం ముందు ఆ ఇంటికి పోయాం. సామానంతా అప్పటికే గేటు బయట గోడ వారగా పెట్టి ఉంది, విసిరేసినట్టు కాదు, జాగ్రత్తగా, గిన్నెలు బస్తాలో కట్టి. దాని పైన, స్టేజీ కోసం ఆమె ఇస్త్రీ చేసుకున్న చీర మడత నలగకుండా పెట్టారు. గది కడిగిన ఫినాయిలు వాసన సందులోకి వస్తోంది. ఇంటావిడ గేటు సందులోంచి అన్నకు చెంబుతో నీళ్ళు ఇచ్చింది. అతను తాగి దండం పెట్టాడు. అతనికేం తెలుసు.

బస్తా భుజానికి ఎత్తుకున్నాక అతను హిందీలో అడిగాడు, తమ్ముడు ఏ గడప నుంచి పోయాడని. ఆ గడప మీద నీళ్ళు పోసి, అవి ఇంకిపోయేదాకా తోబుట్టువు కూర్చోవాలట. అది చేయకుండా ఊరికి పోతే తల్లికి ముఖం చూపించలేనన్నాడు.

ఆమె నా వైపు చూసింది. అతనికి శ్మశానంలో నల్లా సంగతి చెప్పమంటుందా, వద్దంటుందా నాకు తెలియలేదు.

"మేరే ఘర్ సే" అన్నాను, మా ఇంటి నుంచేనని.

దారిలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీ ఓనర్..." అంది. నడువమన్నాను.

నా గది ముందు అతను చెప్పులు విడిచాడు. నేనిచ్చిన చెంబుతో గడప మీద నీళ్ళు పోసి, పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది, అప్పుడు మొదటిసారి ఏడ్చింది. శబ్దం విని మా ఓనర్ పైనుంచి మెట్లు దిగి వచ్చాడు.

"ఎవరు పోయిండ్రు?" అన్నాడు.

"మా మనిషే."

"నిన్న ఫోన్ల జెప్పిన గదా నీకు."

"పీనుగును తేవద్దన్నవు. తేలే."

అతను కూర్చున్న మనిషిని చూశాడు, తడిసిన గడపను చూశాడు. నెలాఖరుకు గది ఖాళీ చేయమని మాత్రం చెప్పి పైకి వెళ్ళిపోయాడు. నేను సరేనన్నాను.

నా గదికి ఉన్నది సిమెంటు గడప. అందులో నీళ్ళు ఇంకవు. కూర్చున్న మనిషి ఆ మాట అనలేదు, మేమూ అనలేదు. ఎండ సందులోకి దిగి, గడప మీదికి వచ్చి, ఆ తడి పూర్తిగా ఆరిపోయేదాకా అతను అక్కడే కూర్చున్నాడు.