మా మేడం, చెవి మిషన్ చిప్పు

మొన్న మంగళవారం పొద్దున తెల్లాపూర్‌ల ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది. నాకు పీహెచ్‌డీ చేయించిన మా గైడు మేడం పోయిన్రు. నిద్రలోనే పోయిన్రంట. బీరంగూడల వాళ్ళింటికి చేరేసరికి ఆమె దగ్గర చదువుకున్నోళ్ళతోని సందు నిండిపోయింది. ఏడ్చుకుంటనే మేడం ముచ్చట్లు చెప్పుకుంటున్నం, నడుమ నడుమ నవ్వొస్తున్నది. మేం మొఖాలు దాచుకుంటుంటే మేడం భర్త చూసి, "నవ్వండమ్మా, ఆవిడకి అదే ఇష్టం" అన్నరు. అందుకే ఇది కూడ నవ్వుకుంటనే రాస్తున్న.

మేడం వాళ్ళ నాన్న కోస్తా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీల కొలువుకు వచ్చి బీరంగూడల ఇల్లు కట్టుకున్నరు. ఆమె పుట్టింది, పెరిగింది ఇక్కడే. మాట మాత్రం వాళ్ళమ్మ కోస్తా మాటే వచ్చింది. పటాన్‌చెరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీల చిప్‌ల డిజైన్ చెప్పేవారు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక చెవి పోయింది, రెండో చెవికి మిషన్. పాఠం మధ్యల దాని బ్యాటరీ అయిపోయేది. "ఒక్క నిమిషం. ఈలోగా నన్ను ఎవరేం తిట్టుకున్నా పర్లేదు" అని బ్యాటరీ మార్చుకునేవారు. స్టాఫ్ మీటింగులల్ల మిషన్ తీసి బ్యాగుల వేసుకుంటరని అందరికీ తెలుసు, ప్రిన్సిపాల్ సారుకు తప్ప.

నేను ఆమె దగ్గర పీహెచ్‌డీకి చేరిననాడే పని చెప్పిన్రు. "నా మిషన్ బ్యాటరీ ఊరికే చచ్చిపోతోంది. దాన్ని ఎక్కువ రోజులు బతికించు."

మైకు పట్టిన చప్పుడును అంకెలుగ మార్చే భాగం ఒకటి చెవి మిషన్ చిప్‌ల ఉంటది. మేం చేసే రకాన్ని సిగ్మా డెల్టా మాడ్యులేటర్ అంటరు. అది నా బుర్రకు ఎక్కకపోతే క్యాంటీన్‌ల చాయ్ తాగుకుంట చెప్పిన్రు. "ఇది ఒక్కసారికే కచ్చితంగా కొలవదు. ఎక్కువా, తక్కువా అని మాత్రం అడుగుతుంది. తప్పిన కాస్తనీ దాచుకుని తర్వాతి లెక్కలో కలుపుతుంది. సెకనుకి లక్షలసార్లు అడుగుతుంది కాబట్టి సగటు సరిగ్గా వస్తుంది."

నేను ఆ భాగం తినే కరెంటు తగ్గించుకుంట తగ్గించుకుంట పోయిన. చిప్ తయారై వచ్చింది. పరీక్షించే బోర్డు మీద పెడితే ఒకటే రొద. అది చిప్‌దా, చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు పోయే కరెంటు తీగలదా తెలుస్తలేదు. తీగల రొద లోపలికి రాకుండ ఆపే గది మా కాలేజీల లేదు. చిప్‌దే అయితే నా పనంతా మళ్ళ మొదటికి. నేను అన్నం కూడ తినకుండ కూసున్న.

మేడం వచ్చి, "మీ పొలం జిన్నారం అవతల కదూ? అక్కడ తీగలున్నాయా?" అని అడిగిన్రు.

"బోరు మోటరుకు ఒక్కటే లైను మేడం."

"అయితే పద."

మేం కారు దిగి బోర్డు, బ్యాటరీలు, ల్యాప్‌టాప్ గట్టు మీద పెడుతుంటే, దూరంకెళ్ళి సామాను చూసి మా నాయిన ఉరికొచ్చిండు. "సర్వేకొచ్చిన్రా మేడం? ఫ్యాక్టరీకి భూమి ఇయ్యం" అన్నడు.

"భూమి వద్దండీ అన్నగారూ. కాస్త నిశ్శబ్దం ఇస్తే చాలు. ఆ మోటరు ఆపుతారా?"

"గంతేనా. బంద్ చేస్త" అని నాయిన పోయిండు.

మోటరు ఆగింది. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద రొదను చూపే గీతలు కింద పడిపోయినయి. కానీ ఒక్క సన్నటి గీత మిగిలింది. మేడం చెవి మిషన్ తీసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, సౌండ్ పెంచి విన్నరు. "దోమ" అని నాకిచ్చిన్రు. నిజంగనే చెవి దగ్గర దోమ కూత. బయట చప్పుడేం లేనప్పుడు ఈ మాడ్యులేటర్ ఎక్కువ, తక్కువ అని ఒకే వరస తిప్పుకుంట పోతది. ఆ వరసే కూతయి వినిపిస్తది. అంటే తప్పు నా చిప్‌దే. నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

మేడం మా అమ్మ పెట్టిన జొన్నరొట్టె తుంచుకుంటున్నరు. "ఏడవకు. పొద్దున దాకా తప్పెవరిదో తెలీదు. ఇప్పుడు దాని అడ్రసు తెలిసింది. వెళ్ళి తలుపు కొట్టడమేగా."

"ఇంకోటి ఎయ్యాల్నా మేడం?" అని అమ్మ అడిగింది. మేడం మిషన్ ఇంకా ఒళ్ళోనే ఉన్నది. వినబడక మేడం నవ్వి తలూపిన్రు. అమ్మ రెండు వేసింది. మారు మాట్లాడకుండ రెండూ తిన్నరు.

ఆ వరసను చెడగొట్టాలంటే లెక్కల నడుమ కావాలనే జెరంత గజిబిజి కలపాలె. కలిపితే కరెంటు పెరుగుతది. నేను పెంచనని మొండికేసిన. "నువ్వు మరీ పిసినారివి. దానికి కాస్త తిండి పెట్టు" అని మేడం వెంటబడ్డరు. దినాం కొట్లాడుకుని, చివరికి ఇద్దరికీ నచ్చినంత కరెంటు దగ్గర ఆగినం.

రెండో చిప్ వానకాలంల వచ్చింది. దోమ లేదు. కరెంటు కూడ మేం అనుకున్నంతే. నమ్మలేక అంకెలు మళ్ళొకసారి కొలిచిన. మేడం అంకెలతోని ఆగలే. బోర్డుకు ఒక మైకు, ఒక ఇయర్‌ఫోన్ తగిలించమన్నరు. తన మిషన్ బల్ల మీద వదిలేసి, బోర్డును రెండు చేతుల్ల పళ్ళెం లెక్క పట్టుకుని, బయట సైకిల్ స్టాండు రేకుల కిందికి నడిచిన్రు. వాన పడుతున్నది. క్లాసు విడిచిన పిల్లలు ఏందో అని చుట్టూ మూగిన్రు.

"ఎవరూ మాట్లాడకండి" అన్నరు. "ఇన్నాళ్ళూ వాన నాకు ఒకటే హోరు. ఇప్పుడు రేకు మీద చినుకులు విడివిడిగా పడుతున్నాయి."

మేడం చీర కుచ్చిళ్ళు తడుస్తున్నయి. బోర్డు మీద చిన్న పచ్చ లైటు ఎలుగుతున్నది. మేడం తల జెర పక్కకు వంచి, కండ్లు మూసుకుని, వింటున్నరు.