వెళ్లిపొమ్మనే ముందు

1946 వేసవిలో నన్ను మదనపల్లె నుంచి పుంగనూరుకు సబ్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. అది రేషన్ కాలం. ఊరి మండీలో సేకరించిన రాగులు బండ్ల మీద కుప్పం రైలు స్టేషనుకు వెళ్లేవి. ఊళ్లోనే గింజలు దొరకని ఆ రోజుల్లో, ఒక ఉదయం జనం మండీ వీధిలో బండ్లకు అడ్డంగా కూర్చున్నారు. ఆడవాళ్లే ఎక్కువ.

డిప్యూటీ తహసీల్దారే అక్కడ సబ్ మేజిస్ట్రేటు కూడా. ఆయన వచ్చేసరికి రిజర్వు జవాన్లు తుపాకులతో సిద్ధంగా ఉన్నారు. బలప్రయోగానికి మా శాఖలో ఒక క్రమం ఉండేది. ముందు జనానికి అర్థమయ్యే భాషలో హెచ్చరిక, వెళ్లిపోవడానికి తగిన వ్యవధి. తర్వాత లాఠీ, అదీ నడుము కిందికే. కాల్పులు మేజిస్ట్రేటు ఉత్తర్వు మీదనే. బెదిరించడానికి గాలిలోకి కాల్చడం నిషిద్ధం. ఆ గుండు ఏ మిద్దె మీద ఉన్నవాళ్లకో తగలవచ్చు.

నేను తెలుగులోనూ, ఉర్దూలోనూ హెచ్చరించాను. ఎవరూ కదల్లేదు. ఇక లాఠీలు, వాటికీ లొంగకపోతే తుపాకులేనా అని మేజిస్ట్రేటు నన్ను మెల్లగా అడిగారు. ఇంకోసారి చెప్పి చూస్తానని, రెండోసారి హెచ్చరించాను. ముందు వరుసలో ఉన్న కూరగాయల గంగులమ్మ వక్కాకు నములుతూ తాపీగా అంది:

"యాడికి పొమ్మంటావప్పా? యెనక బండ్లు, ముందర నీ పోలీసోళ్లు. ఎగిరిపోదామంటే రెక్కల్లేవే మాకు."

పక్కవాళ్లు నవ్వారు. నేను వెనక్కి తిరిగి చూశాను. మండీతో ముగిసిపోయే ఆ వీధికి ఉన్నది ఒకటే దారి. కొత్తవాళ్లు చొరబడకుండా వీధి మొదట్లో అడ్డంగా వరుస కట్టడం రిజర్వు వాళ్ల అలవాటు, ఆ రోజూ అలాగే నిలబడ్డారు. మేం పొమ్మంటున్న దారి అదే.

జవాన్లను గోడవారకు జరపమన్నాను. బయటి జనం లోపలికి వస్తారని వాళ్ల హెడ్ కానిస్టేబుల్ అభ్యంతరం చెప్పాడు. మేజిస్ట్రేటు నా మాటే ఖాయం చేశారు. దారి తెరిచి మూడోసారి హెచ్చరించాను. చంటిపిల్లలున్నవాళ్లు ముందు లేచారు, వాళ్ల వెనకే మిగతావాళ్లు.

గంగులమ్మ మాత్రం లేవలేదు. "పోతాము సామీ. మా పొయ్యిలోకి ఏముండాది, అది చెప్పు" అని మేజిస్ట్రేటునే నిలదీసింది. ఆయన రెండు బండ్ల రాగులు ఊరి రేషన్ షాపుకు దింపించారు. మిగతా బండ్లు మధ్యాహ్నానికి కుప్పం దారి పట్టాయి. ఒక్క లాఠీ లేవలేదు.

తర్వాత పలమనేరులో, కుప్పంలో పనిచేసినప్పుడు, హెచ్చరిక ఇచ్చే ముందు వీధిని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూసేవాణ్ణి. హెచ్చరిక చెల్లాలంటే దాన్ని పాటించే వీలుండాలి. ఆ వీలు కల్పించడం పోలీసుల పని.