మామ్మ కోసం తెచ్చిన రాతిరొయ్య

మా చిన్నతనంలో కాలువల్లో నీళ్ళు ఆపేస్తేనే మా ఇంటికి సెలవు...

మా నాన్న పాలకొల్లు దగ్గర కాలువ మీద లాకు మనిషి. ఆనకట్ట కట్టి, కాలువలు తవ్విన కొత్త రోజులవి. పడవవాళ్ళు అల్లంత దూరం నుంచే "లాకోయ్..." అని కేకేసేవారు. ముందు అన్నం కంచం ఉన్నా, ఒంట్లో జ్వరం ఉన్నా నాన్న లేచి వెళ్ళి, పడవ దాటడానికి లాకు తలుపులు తియ్యాల్సిందే. ఎండాకాలంలో మరమ్మతులకి నీళ్ళు ఆపిన ఆ కాసిని రోజులే ఆయనకి కంటినిండా నిద్ర. మాకు ప్రయాణమన్నా అప్పుడే.

ఆ ఏడు నీళ్ళు ఆపగానే మామ్మ ఒక కోరిక కోరింది. మామ్మంటే నాన్న వాళ్ళమ్మ. పుట్టిల్లు సముద్రం ఒడ్డున. పెళ్ళయి ఈ మంచినీళ్ళ ఊరికి వచ్చాక మళ్ళీ అటు వెళ్ళింది ఎన్నిసార్లని... వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

"ఒక్కసారి రాతిరొయ్య తినాలనుందిరా అబ్బాయ్. నోరు చప్పబడిపోయింది. ఈ ఏడు తినకపోతే ఇంక తినను" అంది.

మోకాళ్ళు పోయి మామ్మ బండెక్కలేదు. అందుకని అమ్మ, నాన్న, నేను బయల్దేరాం. ఒక బియ్యం మూట, ఒక గంప మామిడిపళ్ళు, తాగడానికి ఒక పెద్ద కుండెడు నీళ్ళు... సముద్రం ఒడ్డున నీళ్ళు నోట పెట్టలేం మరి.

దారిలో బండివాడు ఎద్దుని గట్టిగా అదిలించాడు. కునుకు తీస్తున్న నాన్న "వస్తున్నా!" అంటూ లేచి బండిలోంచి దూకబోయాడు. నేను పడీపడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

మామ్మ తమ్ముడు, అంటే మా తాత, ఒడ్డునే గుడిసెలో ఉండేవాడు. రాతిరొయ్యంటే సముద్రంలో రాళ్ళ సందుల్లో ఉండే పెద్ద రొయ్య, ఆ తీరంలో రోజూ దొరికేది కాదు. రెండు రోజులు ఇసకలో ఎదురుచూపులే. మూడో రోజు పొద్దున్నే వలలో రెండు పడ్డాయి. నాన్న మోచెయ్యంత పొడుగు, ఒళ్ళంతా ముళ్ళు, చాంతాడంత మీసాలు! నాన్న బియ్యం మూట దింపితే, "మనలో మనకి ఇదేంటి అబ్బాయ్?" అంటూనే తాత మూట లోపల పెట్టించాడు.

ఒకటి అక్కడే నిప్పుల మీద కాల్చి, రాయితో పెంకు పగలగొట్టి అందరం తిన్నాం. లేత కొబ్బరిలా కమ్మగా ఉంది. మూడు రోజుల అలసట ఆ ఒక్క ముద్దతో పోయిందనుకున్నాను.

రెండోది మామ్మకి. తాత భార్య దాన్ని తడి గోనెలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది.

"ఇదిగో పిల్లా, గోనె ఆరనివ్వకు. ఈ చెంబులో ఉప్పునీళ్ళున్నాయి, చల్లుతా ఉండు. దారిలో చచ్చిందంటే మాత్రం వండొద్దని మీ అమ్మతో చెప్పు."

అంత బాధ్యత నాకెవరూ అప్పగించలేదు అంతవరకూ. చల్లాను... చల్లాను... మధ్యాహ్నానికి చెంబు ఖాళీ అయింది. ఎండ మండిపోతోంది. గోనె తీసి చూస్తే దాని మీసాలు మెల్లిగా, చాలా మెల్లిగా కదులుతున్నాయి. అమ్మ నిద్రపోతోంది. నాన్న నోరు తెరుచుకుని, ఒళ్ళు మరిచి నిద్రపోతున్నాడు. ఏడాదిలో ఆయన్ని అలా చూడ్డం అదే మొదలు. లేపడానికి చెయ్యి రాలేదు.

మా లాకు దగ్గర పట్టిన రొయ్యలన్నీ వండేదాకా కుండలో నీళ్ళల్లోనే ఉంచేవాళ్ళం. వేస్తే చాలు, చెంగున లేచేవి. దీనికీ దాహమేసిందనుకున్నాను. తాగే నీళ్ళ కుండలోకి మెల్లిగా దించాను. ఒక్కసారి తోక కొట్టింది, నీళ్ళు నా మొహం మీద చిందాయి. బతికిందని ఎంత సంబరపడ్డానో! కాసేపటికి సద్దుమణిగింది. నాన్నలాగే అలిసి పడుకుందనుకున్నాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మామ్మ అల్లం, కొబ్బరి నూరి పెట్టుకుని అరుగు మీద కూర్చునుంది. కుండలోంచి దాన్ని మీసాలు పట్టుకుని పైకెత్తింది. అది వేలాడిపోయింది. తడి వేళ్ళు నాలిక మీద పెట్టుకుని చూసింది.

"మంచినీళ్ళల్లో వేశారా?"

నాన్న అమ్మ వంక చూశాడు, అమ్మ నా వంక చూసింది. "దాహమేస్తుందేమోనని..." అని నేను బావురుమన్నాను.

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేల మీద చతికిలబడి, "సెలవంతా దీనికోసమే కదమ్మా" అన్నాడు.

మామ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "ఏడవకే. ఈ నీళ్ళు నాకు పడ్డానికే ఏడాది పట్టింది. దానికి ఒక్క పూట కూడా లేదు, పాపం."

రొయ్యని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాం. నూరిన ముద్ద వంకాయల్లోకి పోయింది. ఆ గోనె మాత్రం మామ్మ ఉతకనివ్వలేదు. ఇల్లంతా నీచు కంపని అమ్మ సణుగుతున్నా, మడిచి తల కింద పెట్టుకునే పడుకునేది.

"వచ్చే ఏడు నీళ్ళు ఆపగానే మళ్ళీ వెళ్దాం" అన్నాడు నాన్న. నీళ్ళు ఆపకముందే మామ్మ వెళ్ళిపోయింది. ఆ సెలవుల్లో నాన్న ఎక్కడికీ బయల్దేరలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు నాకు మామ్మ వయసు. మోకాళ్ళూ ఆవిడవే వచ్చాయి. రాజమండ్రికి రైలొచ్చింది. నా మనవలు ఎప్పుడంటే అప్పుడు ప్రయాణం కడతారు, నీళ్ళు ఆపేదాకా కాచుకునే పని లేదు. "నీకేం తేవాలే మామ్మా?" అని అడుగుతారు. ఏమీ వద్దంటాను. ఏదైనా అడిగితే, ఏ పిల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా మొయ్యాలి కదా...

మీలో ఎవరైనా ఇలా జాలిపడి, ఇంట్లోవాళ్ళ నోటి దగ్గరిది పోగొట్టారా? ఉంటే చెప్పండి. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే అనుకుని అలిసిపోయాను.